ఫోను కొనేముందు పిల్లాడికి ఒక మాటివ్వండి

బిడ్డా,

దసరాకి సింగరేణి లాభాల వాటా అకౌంట్లో పడగానే మీ పెద్దోడికి ఫోను కొనిస్తానని అల్లుడు చెప్పాడట. మీ అమ్మ నాకు చేరవేసింది. "నువ్వైనా వద్దని చెప్పు" అని ఎగదోసింది కూడా. ఫోన్లో చెబితే కుక్కర్ కూతల మధ్య "సరే నాన్నా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాయితం మీద పెడుతున్నాను. మీ అమ్మ చెప్పమన్నది మాత్రం చెప్పట్లేదు. కొనుక్కోండి. తొమ్మిదో తరగతి పిల్లాడు, రేపు ఇంటర్, ఎల్లుండి హాస్టలు. ఎన్నాళ్లు ఆపుతారు? కాకపోతే కొనేముందు మీ ఇద్దరూ వాడికి ఒక మాటివ్వాలి. "ఫోన్లో ఏం జరిగినా సరే, తప్పు నీదే అయినా సరే, వచ్చి మాకు చెబితే కొట్టం, తిట్టం, ఫోను గుంజుకోం." ఇదీ ఆ మాట. వాడి చెల్లెలు చిన్నదానికీ ఇదే మాట ఇవ్వాలి. ఇవ్వడం తేలికే, నిలబెట్టుకోవడమే కష్టం. ఎందుకివ్వాలో, ఎట్లా నిలబెట్టుకోవాలో నాకు తోచింది రాస్తున్నాను.

అసలు వాడి చేతిలో ఫోను లేదని మనం అనుకోవడమే గానీ, అది వచ్చి ఏళ్లయింది. కరోనా ఏడు గుర్తుందా? 2020 సెప్టెంబర్ 1న, బడులు మూసి ఉండగానే, దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలుపెట్టారు. పాఠం టీవీలో వచ్చినా హోంవర్కు కోసం వాట్సాప్ గ్రూపు కావాల్సి వచ్చింది. గ్రూపు కోసం అల్లుడి ఫోను కావాల్సి వచ్చింది. తర్వాత బడులు తెరిచారు. ఫోను మాత్రం పిల్లల చేతిలోంచి వెనక్కి రాలేదు.

పైగా మనది బొగ్గుబాయి పని మీద బతికే ఇల్లు. అగ్గిపెట్టె, బీడీల్లాగే ఫోను కూడా బాయిలోకి తీసుకుపోవద్దని రూలు. అల్లుడు మూడో షిఫ్టుకి పోతే ఆ ఫోను రాత్రంతా ఇంట్లోనే ఉంటుంది. పొద్దున వచ్చి ఆయన పడుకుంటే "నాన్న నిద్రపోతున్నాడు, లొల్లి చేయకండి" అని నువ్వే పిల్లల చేతిలో మళ్లీ అదే ఫోను పెడతావు. రెండు గదుల క్వార్టర్లో ఇంకేం చేస్తావులే, నేను తప్పు పట్టట్లేదు. నేను నైట్ డ్యూటీ చేసి పడుకున్నప్పుడు మీ అమ్మ మిమ్మల్ని బయటికి తోలేది. మీరు ఎండలో గోళీలాడి మోకాళ్లు గీసుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు ఇల్లు సద్దుమణగాలంటే ఫోను ఇవ్వడం అందరికీ అలవాటైంది. షిఫ్టు డ్యూటీల ఇళ్లలో ఈ సంగతి ఎవరూ పైకి అనరు. పేపర్లలో వచ్చే సలహాలేమో, సాయంత్రం ఆరింటికల్లా భార్యాభర్తలిద్దరూ ఇల్లు చేరే కుటుంబాల కోసం రాసినవి. రాత్రిపూట తండ్రి పక్కన కూర్చుని పిల్లలు ఏం చూస్తున్నారో గమనించాలంటారు. ఆ తండ్రి రాత్రిపూట భూమి కింద ఉంటే పక్కన కూర్చునేదెవరు?

అందుకే మన ఇళ్లలో కాపలా కాయడం సాగే పని కాదు. వాడు తనంతట తాను వచ్చి చెప్పాలి. మనకున్న దారి అదొక్కటే.

పిల్లలు ఎట్లా చిక్కుకుంటారో నీకు తెలియాలి, కొంచెం వివరంగా రాస్తాను. ఆటలోనే మాట్లాడుకునే ఏర్పాటు ఉంటుంది. అక్కడొకడు పరిచయమవుతాడు. "నాకూ పద్నాలుగేళ్లే" అంటాడు. ఆటలో కావలసిన డైమండ్లో, కొత్త డ్రెస్సులో వీడికి కొనిపెడతాడు. నాలుగు రోజులకి "ఇక్కడొద్దు, ఇన్‌స్టాలో మాట్లాడుకుందాం" అంటాడు, ఇంకో నాలుగు రోజులకి "మన సంగతి మీ ఇంట్లో చెప్పకు" అంటాడు. ఈ చివరి మాట ఎవరి నోట వచ్చినా అక్కడ తేడా ఉన్నట్టే, ఇది పిల్లలిద్దరికీ బాగా నూరిపొయ్యి. తర్వాత ఒక ఫోటో అడుగుతాడు. అందులో ఏమంత లేకపోవచ్చు. తర్వాత అడిగే ఫోటో అట్లా ఉండదు. అది చేతికందిన క్షణం నుంచి గొంతు మారిపోతుంది. వీడి స్నేహితుల జాబితా, నీ ఫేస్‌బుక్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పంపి, "రాత్రికల్లా డబ్బులు పంపకపోతే అందరికీ పంపిస్తా" అంటాడు. ఇప్పుడు అసలు ఫోటో కూడా అక్కర్లేదు. బడి వార్షికోత్సవంలో తీసిన ఫోటో చాలు, ముఖం తీసి ఎక్కడ కావాలంటే అక్కడ అతికించే ఏఐ యాప్‌లు వచ్చాయి. ఇది ఆడపిల్లలకే జరుగుతుందనుకోకు. డబ్బుల కోసం బెదిరించేవాళ్లు మగపిల్లల్ని కూడా బాగానే వలలో వేసుకుంటారు.

ఆ రాత్రి పిల్లాడి బుర్రలో ఏం తిరుగుతుందో ఆలోచించు. వాడికి అవతలివాడి కన్నా మనమంటే ఎక్కువ భయం. "నాన్నకి తెలిస్తే చంపేస్తాడు" అనుకుంటాడు. అందుకని నీ ఫోన్‌పేలోంచి రెండు వేలు పంపి, పీడ విరగడైందనుకుంటాడు. డబ్బు ముట్టినవాడు ఊరుకోడు, మర్నాడు ఐదు వేలు అడుగుతాడు. బెదిరించేవాడి బతుకంతా ఈ ఒక్క భయం మీదే నడుస్తుంది. పిల్లాడు ఇంట్లో చెప్పేశాడంటే వాడి చేతిలో మిగిలేది పెద్దగా ఏమీ లేదు.

మాట ఇచ్చామని వాడు వెంటనే వచ్చి ఉన్నదంతా చెప్పేస్తాడనుకోకు. ముందు పరీక్షిస్తాడు. ఏ అన్నం దగ్గరో "అమ్మా, మా క్లాసులో ఒకడికి ఇట్లా అయిందట" అంటాడు. ఆ ఒకడు తనే కావచ్చు. అప్పుడు నువ్వు "వాడి ఖర్మ, అట్లాంటోళ్లతో తిరగకు" అన్నావంటే వాడికి జవాబు దొరికినట్టే, ఇంక నోరు తెరవడు. "అయ్యో, పాపం ఆ పిల్లాడు వాళ్ల అమ్మకి చెప్పాడా? చెబితే ఏదో ఒకటి చేసేవాళ్లే" అన్నావనుకో, రెండో రోజో మూడో రోజో మిగతాది బయటికొస్తుంది. చెబుతున్నంతసేపూ వాడు నీ ముఖమే చూస్తుంటాడు. మిగతా సగం చెప్పాలా వద్దా అన్నది దాన్ని బట్టే తేల్చుకుంటాడు. నీకు కోపమొస్తే లేచిపోయి బట్టలు ఆరేసి రా, అంతేగాని అక్కడే అరవకు. అల్లుడు బంగారంలాంటి మనిషే గానీ కోపమొస్తే మాటకన్నా చెయ్యి ముందొస్తుంది. ఈ ఉత్తరం ఆయన కూడా చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

నేను బాయిలో మైనింగ్ సర్దారుగా చేసినన్నాళ్లూ షిఫ్టు వాళ్లకన్నా ముందు పోయి పైకప్పు తట్టి చూసేవాణ్ణి. గట్టిగా మోగితే సరే, డొల్లగా మోగితే మనుషుల్ని ఆ కిందికి పంపేది లేదు. నిన్న బాగున్న బండ ఇవాళ కూడా బాగుంటుందని ఏ సర్దారూ సంతకం పెట్టడు. పిల్లల్ని కూడా అట్లా రోజూ ఒకసారి తట్టి చూడు. విచారణ చేసినట్టు అడగకు. "ఇవాళ ఫోన్లో నవ్వొచ్చింది ఏం చూశావ్? చిరాకేసింది ఏముంది?" అను, చాలు. రోజూ గలగలా చెప్పేవాడు ముక్తసరిగా "ఏం లేదు" అంటే, భోజనం దగ్గర ఫోను బోర్లా పెడితే, అక్కడ ఇంకో నిమిషం కూర్చో.

ఒకవేళ అట్లాంటిది జరిగితే ఏం చేయాలో ఇప్పుడే తెలుసుకుని ఉండండి. ఆ పూట కాళ్లూ చేతులూ ఆడవు. డబ్బు పంపొద్దు, బతిమాలొద్దు, వాడితో వాదించొద్దు. భయంతో చాట్ అంతా తుడిచేయొద్దు, అది సాక్ష్యం. వాడి ఐడీ, ఫోను నంబరు, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని ఆ తర్వాత బ్లాక్ చేయండి. పిల్లల ఫోటో మాత్రం సలహా కోసమని కూడా ఎవరికీ పంపొద్దు, బాబాయికైనా, యూనియన్ లీడరుకైనా సరే. పోలీసులకి ఫోనే చూపించవచ్చు. డబ్బు పోయి ఉంటే 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే అంత మంచిది. అవతలివాడు డ్రా చేసుకోకముందే బ్యాంకులో ఆపించే వీలుంటుంది. కేంద్రం వాళ్ల సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే వెబ్‌సైట్లో ఆడవాళ్లకి, పిల్లలకి సంబంధించిన ఫిర్యాదులకి వేరే భాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. పిల్లల సాయానికి 1098 ఉండనే ఉంది. ఆడవాళ్ల మీద వేధింపుల్ని అడ్డుకునే పోలీసు షీ టీమ్స్ 2014లో హైదరాబాద్‌లో మొదలై తర్వాత జిల్లాలన్నిటికీ వచ్చాయి. ఇంకొకటి చాలామందికి తెలియదు. అమెరికాలో ఎన్‌సీఎంఈసీ అనే పిల్లల సంస్థ 2023లో 'టేక్ ఇట్ డౌన్' అని ఒక ఉచిత సేవ పెట్టింది. పద్దెనిమిదేళ్ల లోపు తీసిన ఫోటో అయితే, ఆ ఫోటో మన ఫోను దాటి బయటికి పోకుండానే దానికొక గుర్తు తయారు చేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీలు ఆ గుర్తుని బట్టి అట్లాంటి ఫోటో ఎవరైనా పెడితే పట్టుకుని తీసేస్తాయి.

"పోలీసుల దగ్గరికి పోతే పరువు పోతుంది" అంటావని తెలుసు. పిల్లల మీద జరిగే లైంగిక నేరాలకి పోక్సో చట్టం 2012లో వచ్చింది. పిల్లల వాంగ్మూలం ఇంట్లోనే, లేకపోతే వాళ్లు కోరుకున్న చోట తీసుకోవాలని అందులోనే ఉంది. వచ్చే పోలీసులు యూనిఫారంలో ఉండకూడదు, పిల్లల్ని రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. పేరు గానీ ఫోటో గానీ పత్రికల్లో, టీవీల్లో రాకూడదు. మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఒకే రక్షణ. మన తెలంగాణలో 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో పెట్టారు, 2025లో దాంట్లోనే పిల్లల కోసం ప్రత్యేక విభాగం పెట్టారు. కాబట్టి అడిగే దిక్కు లేదనుకోవద్దు.

మన బస్తీల్లో ఇంకో అలవాటుంది. ఏదైనా జరిగితే నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, అటువాళ్ల చేత క్షమాపణ చెప్పించి, ఇటువాళ్లని సర్దుకుపొమ్మని పంపించేస్తారు. నేను కూడా అట్లాంటి పంచాయితీల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణే, నీటి కుళాయి తగాదాలకీ ప్రహరీ గోడ తగాదాలకీ అది పనికొస్తుంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగినప్పుడు పనికిరాదు. తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోవడం పోక్సో కింద నేరం. రాజీ చేసిన పెద్దమనిషి కూడా దానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

పెద్దోడితో ఇంకో మాట గట్టిగా మాట్లాడాలి. వాడు మోసపోతాడేమోనన్న ఆలోచనే మనకి, వాడే ఇంకొకరికి కీడు చేస్తాడేమోనన్న ఆలోచన రాదు. క్లాసు గ్రూపులో ఎవడో ఒక అమ్మాయి ఫోటో పెడతాడు, మిగతావాళ్లు నవ్వే బొమ్మలు పెట్టి ఇంకో గ్రూపుకి పంపుతారు. వాళ్ల దృష్టిలో అది తమాషా. ఐటీ చట్టంలో 67బి అని ఒక సెక్షన్ ఉంది. పిల్లల అసభ్య చిత్రాలు తయారు చేసినా, పంచినా, వెతికి చూసినా మొదటిసారికే అయిదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. అట్లాంటివి ఫోన్లో తుడిచేయకుండా దాచుకోవడం కూడా నేరం కిందికి వస్తుందని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిది నిండనివాడైతే జువెనైల్ బోర్డు ముందుకి పోతాడు. అయితే చట్టం పేరు చెప్పి బెదిరించి వదిలేయకు. ఆ ఫోటోలో ఉన్న పిల్ల రేపు బడికి ఎట్లా వస్తుందో వాడినే చెప్పమను. వాడు మంచివాడే, ఆలోచించమంటే ఆలోచిస్తాడు.

ఇక చిన్నదాని సంగతి. ఆరో తరగతి పిల్ల, ఇప్పటి నుంచే మీ అమ్మ "ఆడపిల్లకి ఫోనేంటి" అని సణుగుతోంది. మీ అమ్మ మీద నాకు గౌరవమే గానీ ఇక్కడ ఆమెతో ఒప్పుకోను. అన్నకి ఫోను, చెల్లికి అనుమానం అంటే పిల్ల రహస్యంగా చూడడం నేర్చుకుంటుంది. ఆడపిల్లలు ఎందుకు చెప్పరో తెలుసా? చెబితే వాళ్లకి పోయేది ఫోను ఒక్కటే కాదు. బడి మాన్పిస్తారు, డ్యాన్స్ క్లాసు మాన్పిస్తారు, కొన్ని ఇళ్లలో ఏకంగా సంబంధాలు చూడడం మొదలుపెడతారు. తప్పు చేసినవాడు రోడ్డు మీద బండేసుకుని తిరుగుతుంటే దెబ్బ తిన్న పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. అందుకే చిన్నదానికి ఇచ్చే మాటలో "నీ చదువు ఆపం" అన్నది కూడా కలపండి. అదీ అల్లుడి నోటితో చెప్పించు.

ఆటల గురించి ఎక్కువ రాయను. పబ్‌జీని 2020 సెప్టెంబర్‌లో, ఫ్రీ ఫైర్‌ని 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఆపేసింది. పిల్లలు ఆడటం మానారా? బీజీఎంఐ అని, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అని ఇంకో పేరుతో ఆడారు. ఆడనీ, దానికొక వేళ పెట్టు. నాకు భయమల్లా డబ్బు కట్టి ఆడే ఆటలతో. ఆన్‌లైన్ రమ్మీతో సహా డబ్బు పందేలని మన రాష్ట్రం 2017లోనే చట్టం చేసి ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా బెట్టింగ్ యాప్‌ల లింకులు టెలిగ్రామ్‌లో తిరుగుతూనే ఉన్నాయి. వాటికి ప్రచారం చేశారని 2025 మార్చిలో హైదరాబాద్‌లో సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద కేసులు కూడా పెట్టారు. మన పిల్లలు వాళ్లని అన్నలంటారు, వాళ్లు చెబితే నమ్ముతారు.

ఇక్కడ సింగరేణి ఇళ్లకి ఒక ప్రత్యేకమైన ముప్పుంది. ఏడాదిలో ఒకేసారి పెద్ద మొత్తం వచ్చి పడుతుంది. 2025లో లాభాల్లో 34 శాతం, 819 కోట్లు కార్మికులకన్నారు, సగటున ఒక్కో పర్మనెంటు కార్మికుడికి 1,95,610 రూపాయలు. దీపావళి బోనస్ వేరే. ఆ డబ్బు పడే అకౌంటే ఫోన్‌పేకి కలిపి ఉంటుంది, దాని పిన్ను ఇంట్లో అందరికన్నా బాగా పెద్దోడికి తెలుసు. పాల ప్యాకెట్ తెమ్మని నువ్వే చెప్పి ఉంటావు! వాడి మీద అపనమ్మకంతో అనట్లేదు, వాణ్ణి బెదిరించేవాడి కోసం అంటున్నాను. బ్యాంకులో ఇంకో అకౌంటు తెరిచి, నెల ఖర్చుకి కావలసినంత అందులో వేసి, యూపీఐకి దాన్ని మాత్రమే కలపండి. జీతం, లాభాల వాటా పడే అకౌంటు ఫోనుకి దూరంగా ఉండనీ. వాడు హాస్టలుకి పోయేనాటికి ఇంకొకటి చెప్పాలి. "నీ అకౌంట్లో డబ్బు వేసుకుంటాం, కమీషన్ ఇస్తాం" అని ఎవరైనా అంటే అది దొంగ సొమ్ము దాటించడానికి, పోలీసులు ముందు వచ్చేది అకౌంటు ఎవరిదో వాళ్ల దగ్గరికే.

పిల్లలకి ఇన్ని చెబుతున్నాం, మన ఫోను వాడకం ఎట్లా ఉందో కూడా చూసుకోవాలి. సింగరేణిలో ఉద్యోగాలు పడ్డాయని ఎవడో తయారుచేసిన కాయితాన్ని మన రిటైర్డువాళ్ల గ్రూపులోనే పది మంది పంపుతారు. దళారుల్ని నమ్మొద్దని యాజమాన్యం ఎన్నిసార్లు చెప్పినా అది ఆగదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు పుట్టి, మన రాష్ట్రంలోనే అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ మెసేజీలు పంపినవాళ్లలో మనలాంటి పెద్దవాళ్లూ ఉన్నారు. ఆ ఏడే జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లలోకి పంపి, జానపద కళాకారుల చేత పాటలు పాడించి, గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లో పోలీసుల నంబర్లు చేర్పించి, నాలుగు వందలకు పైగా ఊళ్లలో ఆ పుకార్లకి అడ్డుకట్ట వేసింది. అదే పని ఇంట్లో నువ్వు చేయొచ్చు. ఏదైనా మెసేజీ వస్తే పెద్దోణ్ణి పిలిచి "ఇది నిజమా కాదా చూడు" అని అడుగు. ఎట్లా వెతకాలో వాడికి తెలుసు, ఎవరిని నమ్మాలో నీకు తెలుసు. వాడికి చెప్పే అవకాశం ఇస్తే నీ మాట కూడా వింటాడు. మన పోలీసు శాఖ మహిళా భద్రతా విభాగం వాళ్లు కూడా ఈ దారే పట్టారు. సైబర్ కాంగ్రెస్ పేరుతో 33 జిల్లాల్లో 1,650 ప్రభుత్వ బడుల నుంచి పిల్లల్ని ఎంచుకుని, వాళ్లకి శిక్షణ ఇచ్చి, తోటి పిల్లలకి వాళ్ల చేతే చెప్పించారు. పెద్దోడి బడిలో అట్లాంటిదేమైనా ఉందేమో సారువాళ్లని అడిగి చూడు. లేకపోతే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగాక దీని గురించి కూడా అడుగు.

ఫోను తెచ్చాక చేసే పనులు కొన్ని ఉన్నాయి. అకౌంటు తెరిచేటప్పుడు పుట్టిన తేదీ నిజమైనదే పెట్టండి. ఎక్కువ వయసు పెడితే తొందరగా ఒప్పుకుంటుందని చాలామంది తల్లిదండ్రులే అబద్ధపు తేదీ వేసిస్తారు. పదమూడేళ్ల లోపు పిల్లలకి ఇన్‌స్టాగ్రామ్ అకౌంటు ఇవ్వరు, అంటే చిన్నదానికి ఇంకా వేళ కాలేదు, అది ఎంత ఏడ్చినా సరే. టీనేజీ పిల్లలకి 2025 నుంచి మన దేశంలో వేరే రకం అకౌంట్లు ఇస్తున్నారు. అవి మొదటి నుంచే ప్రైవేటుగా ఉంటాయి, తెలియనివాళ్లు మెసేజీ పెట్టలేరు, పదహారేళ్ల లోపైతే ఆ కట్టుబాట్లు సడలించడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. అబద్ధపు తేదీ పెట్టామంటే ఆ రక్షణంతా మన చేతులతోనే తీసేసినట్టు. గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోండి, పెట్టామని వాడికి చెప్పే పెట్టండి. దొంగచాటుగా వాడి మెసేజీలు చదివితే, అది వాడికి తెలిసిన రోజున మీరిచ్చిన మాట మాయమైపోతుంది. రాత్రి పది దాటాక ఫోన్లన్నీ, నీదీ అల్లుడిదీ కూడా, ముందు గదిలో చార్జింగుకి పెట్టండి. పడుకునే చోట ఎవరి దగ్గరా ఫోను ఉండొద్దు. నువ్వు పెట్టే స్టేటస్‌లు కూడా తగ్గించుకో తల్లీ. యూనిఫారంలో పిల్లల ఫోటో, బడి పేరు, వ్యాన్ ఎక్కే చోటు, అన్నీ ఒక్క ఫోటోలోనే కనపడుతున్నాయి.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు వద్దని చట్టం అమల్లోకి తెచ్చారు. మన దగ్గర కూడా రావాలని కొందరంటున్నారు. వస్తే రానీ. అల్లుడి పేరు మీది సిమ్, అల్లుడి ఫోను, అల్లుడి అకౌంటు పిల్లల చేతిలో ఉన్నంతకాలం ఆ చట్టానికి వాళ్లు కనపడరు.

ఫోను కాకుండా ఇంకేమైనా ఉండాలి కదా వాడికి. సాయంత్రం ప్రకాశం స్టేడియానికి పంపు, కాసేపు ఆడి చెమటతో రానీ. సెలవుల్లో నా దగ్గరికి పంపు, కిన్నెరసాని డ్యామ్‌కి తీసుకుపోతాను. ఫోను తెచ్చుకున్నా నాకేం అభ్యంతరం లేదు, నాకు కూడా నేర్పించుకోవాల్సినవి ఉన్నాయి.

వచ్చే ఆదివారం ప్లే డే డ్యూటీ ఉన్నా పోవద్దని అల్లుడికి నా మాటగా చెప్పు. రెట్టింపు కూలి వచ్చే ఒక్క డబుల్ మస్టర్ పోతే పోయింది. నలుగురూ కూర్చుని ఆ మాట పిల్లలకి ఇవ్వండి, 1930, 1098 నంబర్లు గోడ మీద క్యాలెండర్ పక్కన రాయండి, యూపీఐకి వేరే అకౌంటు సంగతి తేల్చుకోండి. ఫోను కొనడానికి ఆ తర్వాత షాపుకి పోండి.

మీ నాన్న